ప్రామాణిక చేగోడీ

మా జిల్లాలో ఏ పిల్లకైనా క్లిప్పులు బిగించిన పంటికి నొప్పి పుడితే, దానికి సంజాయిషీ ఇచ్చుకోవలసింది డ్రిల్లు మాస్టారు. పంటికీ డ్రిల్లు మాస్టారికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అడిగినందుకు ఇంకో సంజాయిషీ ఇచ్చుకున్నాను.

నా పేరు బసవలింగం. మిరపకాయల యార్డు వెనకున్న బాలికల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. గాలి యార్డు వైపు నుంచి తిరిగిన రోజున మా పిల్లలు తుమ్ముతూనే కబడ్డీ ఆడతారు. ఈల ఊదడం, గీతలు గీయడం, మోకాళ్ళకు మందు రాయడం నా ఉద్యోగం. ఎవరి నోట్లోకీ తొంగిచూసే అవసరం నాకు అంతకుముందు రాలేదు.

ఆ ఏడు మా జిల్లాకు 'చక్కని పలువరస' అని ఒక పథకం వచ్చింది. పళ్ళు ఎత్తుగానో వంకరగానో ఉన్న బడిపిల్లలకు ఉచితంగా క్లిప్పులు పెడతారు. పథకం మంచిదే, కాదనను. అయితే దాన్ని నడపవలసిన వైద్యశాఖకు ఊళ్ళు తిరగడానికి జీపు లేదు. జిల్లా క్రీడాభ్యుదయ సంస్థకు జీపు ఉంది గానీ తిరగడానికి పని లేదు. కనుక ఇద్దరూ కలిసి నడపండని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ విధంగా పిల్లల పళ్ళు క్రీడాశాఖ కిందికి వచ్చాయి.

సంస్థ కార్యదర్శి త్రివిక్రమరావుగారు ఉత్సాహవంతులు. యాభై దాటిన మనిషి, పైపళ్ళు కాస్త బయటికి ఉండేవి. నాయకుడు ముందుండి నడిపించాలని చెప్పి జిల్లాలో మొట్టమొదటి క్లిప్పులు తానే పెట్టించుకున్నారు. పెట్టించుకున్న రోజున పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఆయన ఫొటో బస్టాండు దగ్గర ఫ్లెక్సీగా వెలిసింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆస్పత్రి ముఖం చూడలేదు. ఫొటోకు ఆ మాత్రం చాలు.

పిల్లల సంగతి అలా కాదు. వాళ్ళకు నెలనెలా క్లిప్పుల్లోంచి పోయే తీగ బిగించాలి. బిగించాక రెండు మూడు రోజులు పళ్ళన్నీ ఊడిపోతున్నట్టు సలుపుతాయి. అన్నం మెతుకు కూడా రాయిలా తగులుతుంది. తర్వాత సర్దుకుంటుంది. ఆ రెండు మూడు రోజులూ పిల్లలు డ్రిల్లు పీరియడులో చెంపకు చెయ్యి ఆనించుకుని గట్టు మీద కూర్చునేవారు. కూర్చోనిచ్చేవాణ్ణి.

పథకం సమీక్షకు పెద్ద సమావేశం పెట్టారు. డ్రిల్లు మాస్టర్లనందరినీ పిలిచారు. పెద్దాస్పత్రి పళ్ళ డాక్టరు విశాలాక్షిగారు మాట్లాడుతూ, చివర్లో, ఊరికే, ఒక మాట అన్నారు. "ఒళ్ళు కదిలించే పిల్లలకు, కొంతమందిలో, ఈ నొప్పి కొంత తక్కువగా అనిపించవచ్చని కొందరంటున్నారు. ఇంకా తేలలేదు."

అప్పటిదాకా సమోసా మీద దృష్టి పెట్టిన త్రివిక్రమరావుగారు ఆ మాటకు తల ఎత్తారు. సమోసా పక్కన పెట్టేశారు. ఆయన సమోసా పక్కన పెట్టడం నేను చూడటం అదే మొదలు. జిల్లాకు ఏదో మూడిందని అప్పుడే అనుకున్నాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "దంతములయందు బాధ అనునది వ్యాయామ లోపమునకు తిరుగులేని నిదర్శనమని ఈ కార్యాలయము నిర్ధారించినది. కావున ఇకపై బాధను వెలిబుచ్చు లబ్ధిదారులను వ్యాయామ విముఖులుగా పరిగణించవలెను. సంబంధిత వ్యాయామోపాధ్యాయులు బాధ్యత వహించవలెను."

విశాలాక్షిగారు అది చదివి నేరుగా సంస్థ కార్యాలయానికి వెళ్ళారు. నేను అక్కడే, ఫుట్‌బాళ్ళ కోసం వరండాలో కూర్చుని ఉన్నాను.

"నేను అలా చెప్పలేదండీ. కొంతమందికి, కొంత, అన్నాను. అనిపించవచ్చు అన్నాను."

"డాక్టరుగారూ, మీరు చెప్పింది ముడిసరుకు," అన్నారు త్రివిక్రమరావుగారు ఎంతో ఆదరంగా. "దాన్ని విధానంగా తీర్చిదిద్దింది మేము. 'కొంత', 'కావచ్చు' ఇలాంటివి పెట్టుకుంటే కిందిస్థాయిలో అమలు దెబ్బతింటుంది. మీ పేరు కృతజ్ఞతల్లో వేయిస్తాను."

"నా పేరు వద్దండీ."

"మీ నిరాడంబరత కూడా వేయిస్తాను."

ఈ విధానంలోని తర్కం నాకు నిదానంగా బోధపడింది. గొడుగు వేసుకున్నవాడు తడవడు. కనుక తడిసినవాడికి గొడుగు లేదు, పొడిగా ఉన్నవాడికి ఉంది. ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నవాడి సంగతి ఉత్తర్వులో లేదు.

మొదట ఆస్పత్రిలో ఉన్న నొప్పి మాత్రలను వెనక్కి స్టోర్సుకు పంపించేశారు. మైదానాలు ఉండగా మాత్రలు దుబారా. తర్వాత, నొప్పి అన్న పిల్ల పేరు వచ్చినప్పుడల్లా ఆ బడి డ్రిల్లు మాస్టారికి మెమో రావడం మొదలైంది. మా మాస్టర్లందరం పిల్లలకు మొట్టమొదట నేర్పిన వ్యాయామం నోరు మూసుకోవడం. పంటినొప్పి ఫిర్యాదులు జిల్లాలో ఒక్కసారిగా పడిపోయాయి. విధానం విజయవంతమైందని కార్యాలయంలో లడ్డూలు పంచారు.

ఇక్కడ కోటేశ్వరి గురించి చెప్పాలి.

కోటేశ్వరి పదో తరగతి. నా సర్వీసులో అలాంటి కబడ్డీ ఆటగత్తెను చూడలేదు. ఆ పిల్ల కూతకు వెళ్ళిందంటే అవతలివాళ్ళు పట్టుకునేది గాలినే. పైపళ్ళు ఎత్తుగా ఉండి, కింద పడినప్పుడల్లా పెదవి చిట్లేది. ఆ నెత్తురు చూడలేక నేనే తీసుకెళ్ళి క్లిప్పులు పెట్టించాను. వాళ్ళమ్మ శివపార్వతి యార్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. తండ్రి లేడు. జిల్లా జట్టులో చోటు దొరికితే క్రీడా హాస్టల్లో సీటు వస్తుంది. తిండి, చదువు, ఆట అన్నీ అక్కడే. దొరక్కపోతే పదో తరగతి అవ్వగానే తల్లితోపాటు యార్డులో తొడిమలు తీయాలి. ఈ సంగతి శివపార్వతి నాకు చాలా మామూలుగా చెప్పింది. 

జట్టు ఎంపికల కాలం దగ్గరపడేసరికి త్రివిక్రమరావుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. పిల్లలు రోజూ వ్యాయామం చేస్తున్నారో లేదో ప్రతి బడికీ వెళ్ళి చూడటం కష్టం. నొప్పి ఉందో లేదో చూస్తే సరిపోతుంది. నొప్పి లేదంటే వ్యాయామం చేసినట్టే. మరి నొప్పి లేదని ఎలా తెలుస్తుంది? గట్టిది ఏదైనా కొరికిస్తే తెలుస్తుంది.

అలా చేగోడీ పరీక్ష పుట్టింది.

జిల్లాలో ఒక్కో ఇంట్లో చేగోడీ ఒక్కో రకంగా ఉంటుంది. కొందరు నెయ్యి ఎక్కువేస్తారు, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. అలాంటి చేగోడీతో న్యాయం జరగదు. కనుక 'ప్రామాణిక చేగోడీ' తయారీ బాధ్యత పొదుపు సంఘం సుబ్బరత్నమ్మకు అప్పగించారు. ఆమె మొదట తెచ్చిన చేగోడీలు రుచిగా ఉన్నాయని తిప్పి పంపేశారు. కార్యాలయం మేడ మీదనుంచి పడేస్తే విరగకుండా ఉన్నదే ప్రామాణికమని తీర్మానం జరిగింది. కింద నిలబడి వాటిని ఏరుకొచ్చే అటెండరుకు హెల్మెట్ ఇప్పించాలని దస్త్రం కూడా కదిలింది.

"ముప్పై ఏళ్ళుగా చేగోడీలు చేస్తన్నా. గుల్లగా రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని," అంది సుబ్బరత్నమ్మ నాతో. "ఇప్పుడు రాకూడదని పెట్టుకుంటన్నా."

చేగోడీ డబ్బాలు మా బడికి వచ్చాయి. దింపడానికి చోటు లేక ఆట సామాను గదిలో పెట్టి తాళం వేశారు. బంతులు, తాళ్ళు వరండాలో వానకు తడిశాయి. పరీక్ష నమలడంలో గనుక డ్రిల్లు పీరియడులో పిల్లలు వరసగా కూర్చుని నమలడం మొదలుపెట్టారు. మైదానంలో గడ్డి మొలిచింది. ఎక్కువ నమిలిన పిల్లలకు పళ్ళ మీద అతికించిన క్లిప్పులు టపటపా ఊడిపోయాయి. క్లిప్పు ఊడితే తీగ బిగుసుకోదు, తీగ బిగుసుకోకపోతే నొప్పి ఉండదు. క్లిప్పులు ఉన్నవాళ్ళు గట్టివి కొరకకూడదని విశాలాక్షిగారు ఆస్పత్రి గోడమీద పెద్ద బొమ్మ పెట్టించి ఉన్నారు. ఆ బొమ్మ విధానానికి విరుద్ధంగా ఉందని దాని మీద కేలండరు తగిలించారు.

మా బడికి పరీక్ష చేయడానికి సంస్థ సూపరింటెండెంటు గవర్రాజుగారు వచ్చారు. ఆయనకు గొంతు బాగుంటుందని సంస్థ సభలన్నిటికీ ఆయనే వ్యాఖ్యాత. మామూలుగా మాట్లాడినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది.

మొదట రమ్యతేజ వచ్చింది. ఈ పిల్ల మంచిదే గానీ డ్రిల్లు పీరియడంటే కడుపునొప్పి వస్తుంది. నేను ఆమెను పరుగెత్తగా చూసింది ఒక్కసారే, బడి దగ్గరికి ఐస్‌క్రీం బండి వచ్చినప్పుడు. చెరకు నమిలి నమిలి ఆమె తీగ ఎప్పుడో పోయింది, ముందు పళ్ళ మీద నాలుగు క్లిప్పులు అలంకారంగా మిగిలాయి. రమ్యతేజ ప్రామాణిక చేగోడీని పటుక్కున కొరికి, కరకరా నమిలి, ఇంకోటి ఉందా అన్నట్టు చూసింది.

"అద్భుతం! నిత్య వ్యాయామ ఫలితం!" అన్నారు గవర్రాజుగారు. "జిల్లా కబడ్డీ జట్టుకు ఎంపిక!"

రమ్యతేజ మొహం తెల్లబోయింది. "నాకు కబడ్డీ రాదు సార్."

"వినయం క్రీడాకారుల ప్రథమ లక్షణం."

"నిజంగా రాదు సార్. కావాలంటే బసవలింగం సార్‌ని అడగండి."

"ప్రథమ లక్షణం రెండుసార్లు ప్రదర్శించింది, రాసుకోండి," అన్నారు ఆయన.

తర్వాత కోటేశ్వరి. అంతకుముందు రోజే ఆమెకు ఆస్పత్రిలో తీగ బిగించారు. పొద్దున్నే లేచి వరండాలో తడిసిన తాళ్ళతో తానే గీతలు వేసుకుని, ఆ గడ్డిలోనే ఆడి వచ్చింది. మోకాళ్ళ నిండా మట్టి. చేగోడీ నోట్లో పెట్టుకుని కొరికింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. "అమ్మా" అని చేగోడీ చేతిలోకి తీసేసుకుంది.

"బాధ," అన్నారు గవర్రాజుగారు. "వ్యాయామం లేదు."

"ఇప్పుడే ఆడి వచ్చా సార్. చూడండి, మట్టి."

"ఆడితే బాధ ఉండదు కదా."

"ఉంది సార్."

"అయితే ఆడలేదు."

కోటేశ్వరి మోకాళ్ళకేసి చూసుకుంది. ఆ మట్టి ఎక్కడిదా అని ఆమెకే అనుమానం వచ్చినట్టుంది.

నాకు ఒళ్ళు మండింది. "అయ్యా, ఆ పిల్ల రోజూ ఆడుతుంది. నా రెండు కళ్ళతో చూస్తున్నాను."

"మీరు చూడటం మీ సొంత అనుభవం మాస్టారూ. దానికి ప్రామాణికత లేదు," అన్నారు ఆయన, చేగోడీ డబ్బాకు మూత పెడుతూ.

కోటేశ్వరి స్థానంలో కూతకు వెళ్ళే ఆటగత్తెగా రమ్యతేజ ఎంపికైంది. ఆ సాయంత్రం ఇద్దరు పిల్లలూ గట్టు మీద పక్కపక్కనే కూర్చుని ఏడ్చారు. ఎవరిని ఓదార్చాలో నాకు తెలియలేదు.

శివపార్వతి పని దిగి నేరుగా బడికే వచ్చింది. నేను విధానం గురించి చెప్పాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మి, ఎర్రగా కందిన అరచేతులు నా ముందు పెట్టింది.

"కదిలిస్తే నొప్పుండదని ఎవురన్నారు సార్? ఈ చేతులు పొద్దుగూకులూ ఆడతానే ఉంటయ్. మంట ఏమన్నా తగ్గిందా?"

 మర్నాడు సెలవు పెట్టి త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా మాటలన్నీ ఓపికగా విన్నారు. "మీ ఆవేదన సమంజసమే. కానీ ఒక్క పిల్ల కోసం విధానాన్ని సడలిస్తే, రేపు నొప్పి ఉన్న ప్రతివాడూ నొప్పి ఉందంటాడు."

"ఉత్తర్వు వెనక్కి తీసుకోవచ్చు కదండీ?"

"ఉత్తర్వు వెనక్కి తీసుకునే పద్ధతి మన సంస్థలో లేదు మాస్టారూ. సవరించి ముందుకు పంపే పద్ధతే ఉంది." కాసేపు ఫ్యాను కేసి చూశారు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది. "ఆగండాగండి. వచ్చే ఆదివారం మనది నొప్పిలేని జిల్లాగా ప్రకటిస్తున్నాం. పెద్ద సభ. ఆ వేదిక మీద ఈ అమ్మాయికి పునఃపరీక్ష పెడదాం. వ్యాయామ విముఖురాలు, మన విధానం వల్ల మారిన మనిషి! నెగ్గితే జట్టులోకి తీసుకుందాం."

"బిగింపు సర్దుకుని ఉంటుంది లెండి, అప్పటికి నెగ్గుతుంది," అన్నాను ఆశగా. అనకుండా ఉండవలసింది.

"అదే వద్దు! పరీక్ష తేలికైపోయిందని ఎవరూ వేలెత్తి చూపకూడదు." అక్కడికక్కడే గవర్రాజుగారిని పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు. "జిల్లాలోని ప్రతి లబ్ధిదారునకును, ఎట్టి మినహాయింపును లేకుండ, సభకు ముందురోజున తీగ బిగించవలెను." సంతకం పెట్టి కలం మూత బిగించారు.

ఆ శనివారం కోటేశ్వరిని ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. పిల్లలు బారులు తీరి ఉన్నారు. వాళ్ళతో ఫొటో దిగడానికి త్రివిక్రమరావుగారు జీపులో వచ్చారు. ఫొటో అయ్యాక వెళ్ళబోతుంటే విశాలాక్షిగారు ఎంతో మర్యాదగా అడ్డం వచ్చారు.

"కూర్చోండి సార్. మీ తీగ పెట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా బిగించలేదు."

"నాది లాంఛనప్రాయం డాక్టరుగారూ."

"ప్రతి లబ్ధిదారునకును, ఎట్టి మినహాయింపును లేకుండ. కింద మీ సంతకమే ఉందండీ."

పిల్లలందరూ చూస్తున్నారు. ఫొటోగ్రాఫరు ఇంకా వెళ్ళలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. విశాలాక్షిగారు ఎంతో శ్రద్ధగా బిగించారు, బాకీపడిన నెలలన్నిటికీ కలిపి. దిగేటప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగారు. "మాత్ర ఏదన్నా..."

"స్టోర్సుకు పంపించేశామండీ, మీ ఉత్తర్వు ప్రకారం," అన్నారు ఆవిడ చేతులు తుడుచుకుంటూ. "పరుగెత్తండి."

ఆదివారం తెల్లవారుతూనే కోటేశ్వరితో సాధన చేయిద్దామని సభ జరిగే స్టేడియానికి వెళ్ళాం. అప్పటికే ఒకాయన తెల్లబూట్లు వేసుకుని మైదానం చుట్టూ రొప్పుతూ పరుగెడుతున్నాడు. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాం. త్రివిక్రమరావుగారు. చెంప కొద్దిగా ఉబ్బి ఉంది. మా దగ్గర ఆగి, నన్ను వదిలేసి, కోటేశ్వరి పక్కన గట్టు మీద కూలబడ్డారు.

"ఏమ్మా, నిన్న బిగించారుగా. ఎలా ఉంది?"

కోటేశ్వరి లేచి నిలబడింది. "నొప్పి లేదు సార్."

"లేదా? అసలు లేదా?" ఆ మాటకు ఆయన సంతోషించలేదు. దిగులుపడ్డారు.

ఆ పిల్ల ఆయన మొహం కేసి తేరిపార చూసింది. "ఎవురికీ చెప్పనంటే చెబుతా."

"చెప్పను."

"సలుపుతంది సార్. కూతకెళ్ళినప్పుడు గుర్తుండదు. గీత దాటొచ్చి ఊపిరి పీల్చుకోంగానే మళ్ళా అక్కడే ఉంటది. రెండ్రోజులు అట్టా ఉండి పోయిద్ది."

"రెండు రోజులేనా? పోతుందా?"

"పోయిద్ది సార్. భయపడమాకండి."

ఆయన ఉబ్బిన చెంప తడుముకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "రాత్రి ఏం తిన్నావు?"

"మజ్జిగన్నం. మా అమ్మ మెత్తగా పిసికి పెట్టింది. మీరో?"

"మజ్జిగన్నమే." లేచి ప్యాంటు దులుపుకున్నారు. "ఈ మాటలు మన మధ్యనే ఉండనీ."

ఇక ఉత్తర్వు రద్దవుతుందనుకున్నాను. మనిషి బాధ మనిషికి తెలిశాక ఇంకేం కావాలి? అమాయకుణ్ణి. ఆయన ఇంటికి వెళ్ళి కోటు తొడుక్కుని కార్యదర్శి అయి తిరిగివచ్చారు.

సభ ఘనంగా మొదలైంది. వేదిక మీద 'నొప్పిలేని జిల్లా' అని పూలతో రాశారు. దీపం వెలిగించడం పాతపద్ధతి అని, కార్యదర్శిగారు ప్రామాణిక చేగోడీ కొరికి సభను ప్రారంభించేటట్టు కార్యక్రమం వేశారు. ఆ కార్యక్రమం వేసింది ఆయనే, బిగింపుకు ముందు. సుబ్బరత్నమ్మ వెండి పళ్ళెంలో చేగోడీలు తెచ్చింది. ఉన్నవాటిలో గట్టివి ఏరి తెచ్చానని నా చెవిలో చెప్పింది.

త్రివిక్రమరావుగారు చేగోడీ ఎత్తి సభకు చూపించారు. చప్పట్లు. నోట్లో పెట్టుకున్నారు. కొరికారు. మైకు దగ్గరగా ఉండటం వల్ల ఆ శబ్దం స్టేడియమంతా వినిపించింది. దాని వెనకే ఇంకో శబ్దం కూడా వినిపించింది.

"అమ్మా!"

 ఆయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారి కోటు మీద పడ్డాయి. గవర్రాజుగారు ఊరికే అంత పైకి రాలేదు. క్షణం కూడా తడుముకోకుండా మైకు అందుకున్నారు.

"ఈ శుభసమయంలో కార్యదర్శిగారు కన్నతల్లిని తలుచుకున్నారు! ఆ కళ్ళలో ఆనందబాష్పాలు! ఇవి నొప్పిలేని జిల్లా ఆనందబాష్పాలు!"

చప్పట్లు మారుమోగాయి. త్రివిక్రమరావుగారు అవునన్నట్టు తలూపారు. మాట్లాడే స్థితిలో లేరు.

తర్వాత కోటేశ్వరిని పిలిచారు. వేదిక కింద ముందువరసలో శివపార్వతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇటు పక్క రమ్యతేజ, కోటేశ్వరి నెగ్గితే తనకు కబడ్డీ తప్పుతుందని, కళ్ళు మూసుకుని దేవుళ్ళందరికీ మొక్కుతోంది. కోటేశ్వరి చేగోడీ తీసుకుంది. కూతకు వెళ్ళేముందు పీల్చినట్టు గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. కొరికింది. ఈసారి బయటికి తీయలేదు, ముక్కను పంటికింద అలాగే పట్టి ఉంచింది. కానీ గొంతు ఆగలేదు.

"అమ్మా!"

చెంపల మీదికి నీళ్ళు జలజలా దిగాయి. గవర్రాజుగారి మొహం విచారంగా మారింది. "బాధ," అనబోయి మైకు దగ్గరికి వంగారు.

అప్పుడు నేను లేచాను. నాకు ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మైదానాల్లో అరిచి అరిచి తయారైన గొంతు, మైకు అవసరం లేదు.

"అయ్యా గవర్రాజుగారూ! ఇందాక కార్యదర్శిగారు అమ్మా అన్నప్పుడు ఎవరిని తలుచుకున్నారు?"

"కన్నతల్లిని," అన్నారు ఆయన తడబడుతూ.

"మరి ఈ పిల్ల? వాళ్ళమ్మ ఇదుగో, ఎదురుగానే ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళు ఆనందబాష్పాలైతే ఈ పిల్లవి ఏమిటి? ఈమెవి బాధ అయితే ఆయనవి ఏమిటి?"

 గవర్రాజుగారు మైకు వదిలేసి త్రివిక్రమరావుగారి కేసి చూశారు. త్రివిక్రమరావుగారు కోటేశ్వరి కేసి చూశారు. ఆ పిల్ల చేగోడీ ముక్కను పంటికింద పట్టుకునే, ఏడుస్తూనే, ఆయన కేసి చూసింది. పొద్దున గట్టు మీద కూర్చున్న ఇద్దరూ నాకు మళ్ళీ కనిపించారు. ఆ పిల్ల నోరు తెరిచి ఆయన మాట బయటపెట్టవచ్చు. పెట్టలేదు.

ఆయన మైకు అందుకున్నారు. పై పళ్ళూ కింది పళ్ళూ తగలకుండా, పెదవులతోనే మాట్లాడారు.

"ఆనందబాష్పాలే. ఈ అమ్మాయి... ఎంపికైంది. జట్టుకు ఈమే ముందుండాలి."

రమ్యతేజ ఎగిరి గంతేసింది. ఆమె చేసిన వ్యాయామాల్లో నేను కళ్ళారా చూసిన రెండోది అదే. శివపార్వతి కొంగులో మొహం దాచుకుంది. గవర్రాజుగారు వెంటనే తేరుకుని, ఇకపై పరీక్షలో కన్నీళ్ళు పెట్టుకున్నవారికి ఆనందం కింద అదనపు గుర్తింపు ఇచ్చే విషయం సంస్థ పరిశీలనలో ఉందని ప్రకటించారు. వచ్చే ఏడు మా పిల్లలకు ఏడవడం నేర్పాలి కాబోలు.

సభ ముగిసింది. త్రివిక్రమరావుగారు అందరికీ నమస్కారాలు పెడుతూ నవ్వుతూ జీపెక్కారు. నేను కోటేశ్వరిని పక్కకు తీసుకువెళ్ళాను. ఆ పిల్ల చేగోడీ ముక్కను ఇంకా మింగలేదు, ఉమ్మలేదు. చెంప పట్టుకుని అడిగింది.

"సార్, ఇప్పుడు నొప్పని చెప్పొచ్చా?"

"ఆగమ్మా, జీపు వెళ్ళిపోనీ."

ఇద్దరం నిలబడి చూశాం. జీపు మెల్లగా కదిలి, ఫ్లెక్సీల కిందుగా వెళ్ళి, గేటు దాటి, ప్రహరీ గోడ చాటుకు వెళ్ళింది. వెళ్ళీ వెళ్ళగానే గోడ అవతలి నుంచి, అంతసేపూ బిగబట్టుకుని ఉన్న కేక ఒకటి వినిపించింది.

"అమ్మా!"

కోటేశ్వరి చేగోడీ ముక్కను తుపుక్కున ఉమ్మేసి, ఆ గోడ కేసి చూసి, చెంప మీద చెయ్యి తియ్యకుండానే నన్ను అడిగింది.

"పాపం, మళ్ళా వాళ్ళమ్మ గుర్తొచ్చిందంటారా సార్?"